రీ: డేటా చాలట్లేదు, పాపకి కోడింగ్ ఎలా?
రోజుకి 1.5 జీబీ స్కూల్ ఆన్‌లైన్ క్లాసులకే అయిపోతోంది, ఇంక కోడింగ్ లైవ్ క్లాస్ ఎలా అన్నారు కదండీ, అందరిదీ అదే గోల. లైవ్ క్లాస్ వదిలేయండి, ఆరో తరగతికి అంత ఫీజు దండగ. అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీలో పుట్టిన స్క్రాచ్, అంటే పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాం చేసే సాఫ్ట్‌వేర్, ఫ్రీయే, పొద్దున్నే క్లాసులు మొదలవకముందు హాట్‌స్పాట్ పెట్టి ఒక్కసారి దించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. మీది విండోస్ 7 అన్నారు కాబట్టి స్క్రాచ్ 3 ఎక్కదు, దానికి విండోస్ 10 కావాలి, స్క్రాచ్ సైట్‌లోనే పాత 1.4 వెర్షన్ ఉంటుంది, అది తీసుకోండి, పిల్లలకి చాలు.

ముందు పిల్లి బొమ్మని 10 అడుగులు నడిపించే బ్లాకుని ఫరెవర్ అనే, ఆగకుండా మళ్ళీ మళ్ళీ చేయించే బ్లాకులో పెట్టమనండి, అది పోయి అంచు దగ్గర ఇరుక్కుపోతుంది, అప్పుడు ఎందుకమ్మా అని అడగండి అంతే, మీరు చెప్పెయ్యకండి, అంచు తగిలితే వెనక్కి తిప్పే బ్లాకు తనే వెతుక్కుంటుంది.