ఎవరు ముందొచ్చారన్నది సరే, ఆ భూమి ఎవరికి అమ్మారో చూడు

అమ్మాయ్,

షికాగో పక్కనున్న ఓక్ పార్క్ ఊరి మీద రాస్తానన్నావు కదా, మొదటొచ్చిన కుటుంబాలు, పేరు తెచ్చుకున్నవాళ్లు అంటూ. రాయి, బావుంటుంది. కాకపోతే రచయిత హెమింగ్వే 1899లో అక్కడ పుట్టాడు, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1889లో ఇల్లు కట్టుకున్నాడు, మెక్‌డొనాల్డ్స్ రే క్రాక్ పుట్టిందీ (1902) అక్కడే, ఇవి అందరూ రాసి రాసి అరగ్గొట్టేశారు, ఓ పేరాలో కానిచ్చెయ్.

నువ్వు భూమిని పట్టుకో. ఎవరు కొన్నారు, మళ్లీ ఎవరికి అమ్మారు, ఎవర్ని రానివ్వలేదు, ఊరి కథంతా అందులోనే ఉంటుంది. యార్క్‌షైర్ నుంచి వచ్చిన జోసెఫ్, బెట్టీ కెటిల్‌స్ట్రింగ్స్ 1835లో అక్కడ పొలం పెట్టుకుని ఇల్లు కట్టారు, పిల్లల చదువుల కోసం 1843లో షికాగో వెళ్లిపోయి 1855లో తిరిగొచ్చారు (మనవాళ్ల కథలానే లేదూ). తర్వాత స్థలాలు అమ్మేటప్పుడు, సారా కొట్లు వద్దు బడీ చర్చీ కావాలి అనేవాళ్లకే జోసెఫ్ ఇచ్చేవాడని చెప్తారు. అలాగని వాళ్లని మొట్టమొదటి మనుషులని రాసెయ్యకు, వాళ్లకన్నా ముందు ఆ ప్రాంతం పొటవాటమి అనే అమెరికా ఆదివాసీ తెగది, 1833 షికాగో ఒప్పందంతో వాళ్లు వదిలి వెళ్లాల్సొచ్చింది, ఆ ముక్క ముందు పెట్టి తర్వాత వీళ్ల దగ్గరికి రా.

ఇక రికార్డులు. 1871 షికాగో అగ్నిప్రమాదంలో కుక్ కౌంటీ దస్తావేజులు కాలిపోయాయి, కాబట్టి ముందుగా గవర్నమెంటు నుంచి కొన్న పట్టాలు చూడు, ఫెడరల్ ల్యాండ్ ఆఫీసు రికార్డుల్లో ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. సెన్సస్‌లో ఇంట్లో అందరి పేర్లూ కనపడేది 1850 నుంచే, 1840 దాంట్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, బెట్టీ లాంటి ఆడవాళ్లు వయసు గడిలో ఒక అంకె అంతే, అందుకే వాళ్ల కోసం చర్చి రిజిస్టర్లూ సమాధి రాళ్లూ చూడక తప్పదు. 1890 సెన్సస్ దాదాపు మొత్తం పోయింది, అంటే ఊరు పెరిగిన రోజుల్లోనే 1880 నుంచి 1900 దాకా 20 ఏళ్ల ఖాళీ అన్నమాట. అక్కడ ఊళ్లోవాళ్ల పేర్లూ చిరునామాలూ ఉండే డైరెక్టరీలూ శాన్‌బోర్న్ ఇన్సూరెన్స్ మ్యాపులూ ఆదుకుంటాయి, ఆ మ్యాపుల్లో ఇటుక ఇల్లు గులాబీ రంగు, చెక్క ఇల్లు పసుపు, చూస్తూ కూర్చుంటే వీధి వీధీ కళ్ల ముందుకొస్తుంది.

పెర్సీ జూలియన్‌ని మాత్రం ఓ పేరాలో తేల్చెయ్యకు. అంత పెద్ద కెమిస్ట్, గ్లకోమా అనే కంటిజబ్బుకు వాడే ఫైసోస్టిగ్మైన్ మందుని 1935లో ల్యాబులో తయారుచేసినవాడు, 1950లో ఓక్ పార్క్‌లో ఇల్లు కొంటే నల్లజాతివాడని ఆయన ఇంకా దిగకముందే నవంబరులో ఆ ఇంటికి నిప్పు పెట్టబోయారు, మరుసటేడు జూన్‌లో డైనమైట్ విసిరారు. ఇవాళ అదే ఊళ్లో ఆయన పేరుతో మిడిల్ స్కూలుంది! 1950 సెన్సస్ ఏప్రిల్‌లో జరిగింది, కాబట్టి అందులో ఆయన్ని ఆ ఇంట్లో వెతుకుతూ టైమ్ వేస్ట్ చేసుకోకు, ఆనాటి పేపర్లు తియ్యి. ఆ తర్వాత 1968లో ఊరు ఇళ్ల విషయంలో జాతి వివక్ష కూడదంటూ ఫెయిర్ హౌసింగ్ చట్టం చేసింది, సారా కొట్ల షరతు దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒకే లైన్‌లో రాసుకురా.

బతికున్న వారసుల పేర్లు మాత్రం వాళ్లని అడక్కుండా వేయకు. డ్రాఫ్ట్ అయ్యాక పంపు, చూస్తాను.

మీ బాబాయి