పెకమ్‌లో గది దొరికింది, తీసుకోమంటారా అక్కా?

సెప్టెంబరు వచ్చిందంటే నాకు ఈ ఫోన్ తప్పదు. ఈసారి చేసింది ఖమ్మం నుంచి లండన్‌కి ఎమ్మెస్సీకి వచ్చిన అబ్బాయి. "అక్కా, పెకమ్‌లో గది చూశాను. అద్దె తక్కువే. కానీ వీధి మొత్తం వాళ్ళే. శనివారం రాత్రి పక్క హాల్లో ఒకటే డప్పులు. సేఫేనా?"

వాళ్ళంటే ఎవరని నేను అడగలేదు, నల్లవాళ్ళనేగా. పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ అదే మాటన్నాను, అదే గొంతు తగ్గించి. ఫోన్ చేతిలో పట్టుకుని రోడ్డంచున నిలబడితే లండన్‌లో ఎక్కడైనా లాక్కుపోతారు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో కూడా. జాగ్రత్త ఊరంతటికీ ఒకటే. కాబట్టి నువ్వు అడగాల్సింది అది కాదు తమ్ముడూ. ఆ హాల్లోకి నిన్ను పిలిస్తే ఎలా వెళ్ళాలి, ఏం చెయ్యకూడదు, అదీ అడగాల్సింది. పిలుస్తారు, చూస్తుండు.

ముందు నోటి సంగతి. మనవాళ్ళు కొందరు ఇక్కడ నల్లవాళ్ళని వెక్కిరిస్తూ "కల్లూ" అని ఒక మాట వాడతారు, అర్థం కాదులే అన్న ధీమాతో. ఓసారి 36 నంబరు బస్సులో ఇద్దరు మనపిల్లలు వెనక సీట్లో కూర్చుని గట్టిగానే వాడుతున్నారు. ముందున్న పెద్దమనిషి తాపీగా వెనక్కి తిరిగి, "నేను టోలీచౌకీలో నాలుగేళ్ళున్నా భాయ్, ఆ మాట నాకు తెలుసు" అన్నాడు, అచ్చం హైదరాబాదీ హిందీలో. పిల్లలు తర్వాతి స్టాపులో దిగిపోయారు. వాళ్ళ స్టాపు అది కాదని నాకు తెలుసు. పక్క సీట్లో నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

మాది మాసాబ్ ట్యాంక్. పక్కనే ఏసీ గార్డ్స్. చిన్నప్పుడు ఏసీ అంటే ఎయిర్ కండిషనేమో అనుకునేదాన్ని. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీలు ఉన్న పేట. మా ఇళ్ళల్లో బారాత్ కదలాలంటే ముందు మర్ఫా మోగాలి. ఆ మర్ఫా మోగించినవాళ్ళ ముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చారన్నది నాకు లండన్ వచ్చాక కానీ బుర్రకెక్కలేదు. పక్క హాల్లో డప్పు వింటే హైదరాబాదు పిల్లకి భయం వేయడమేమిటి, చెప్పు!

ఇక ఆ హాలు. నా మొదటి పిలుపు కింది ఫ్లాట్ ఆంటీ అరవయ్యో పుట్టినరోజుకి. యోరుబా వాళ్ళు, నైజీరియా. కార్డు మీద అయిదు గంటలని ఉంటే అయిదింటికే వెళ్ళాను. ఇద్దరు కుర్రాళ్ళు ఇంకా కుర్చీలు వేస్తున్నారు. ఆంటీ వచ్చింది ఎనిమిదింటికి. మన ముహూర్తం కబుర్లు మనకి తెలియనివా, ఇంకెప్పుడూ వాచీ చూసి వెళ్ళలేదు. దగ్గరివాళ్ళందరూ ఒకే తాను బట్టతో కుట్టించుకుని వస్తారు. దాన్ని ఆసో ఎబి అంటారు. నిన్ను ఆ బట్ట కొనుక్కోమని అడిగారంటే దాని అర్థం నిన్ను దగ్గరివాళ్ళలో కలిపేశారని. డబ్బులడుగుతున్నారేమిటని మొహం ముడుచుకోకు. కుదరకపోతే చక్కగా చెప్పేసి, నీకున్న మంచి బట్టలు వేసుకెళ్ళు. జీన్సు మాత్రం వద్దు.

అక్కడ నేను చేసిన ఘనకార్యం విను. ఆంటీ నాట్యం చేస్తుంటే ఒక్కొక్కరూ వెళ్ళి నుదుటి మీద, భుజం మీద నోట్లు అద్దుతున్నారు. నోట్లు జారి కింద పడుతున్నాయి. నేనేమో పాపం పోతున్నాయే అని వంగి మూడు నోట్లు ఏరి, ఆంటీ చేతిలో పెట్టబోయాను. ఒక్క క్షణం పాట తప్ప ఇంకేమీ వినబడలేదు. పదేళ్ళ పిల్ల ఒకతె సంచీ పట్టుకుని వచ్చి, "ఆంటీ, అది నా పని" అంది. కింద పడ్డవి ఏరడానికి ఇంటివాళ్ళు ఒకరిని పెడతారు. మనకి చదివింపులు రాసుకునే పుస్తకం దగ్గర మావయ్య కూర్చోడూ, అలాగే. పరాయివాడు ఆ పుస్తకం మీద చెయ్యేస్తే ఎలా ఉంటుంది? నువ్వు కూడా నోట్లు అద్దాలనుకుంటే చిల్లర నోట్లు తీసుకెళ్ళు, అద్దు, వెనక్కి రా. పెద్దవాళ్ళు ఎదురైతే కుర్రాళ్ళు నేలకి వంగి దండం పెట్టడం చూస్తావు. నువ్వు అంత వంగక్కర్లేదు కానీ పేరు పెట్టి పిలవకు. ఆంటీ, అంకుల్ అన్నవి వాళ్ళకీ మనకీ ఒకటే.

తిండి. శాకాహారివైతే ముందే అడిగి తెలుసుకో. జోలోఫ్ అన్నం చూడ్డానికి టమాటా అన్నంలా అమాయకంగా ఉంటుంది, తరచూ మాంసం ఉడికించిన నీళ్ళతో వండుతారు. ఎగుసి కూరలో ఎండు రొయ్యల పొడి పడుతుంది. ధైర్యంగా తినగలిగింది అకారా. నోట్లో పెట్టుకోగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఎందుకంటే అవి మన అలసంద గారెలే, చిల్లు లేదంతే. దంచిన పెండలాన్ని ముద్దగా చేసి పెడతారు, కుడిచేత్తో కాస్త తుంచుకుని, గుంట చేసి, పులుసులో ముంచి మింగడమే. రాగి సంకటి తిన్నవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను నమిలితే పక్కావిడ నవ్వింది. స్కాచ్ బోనెట్ అని బుడ్డ మిరపకాయ ఉంటుంది, గుంటూరు మిరపకాయతో పందెం కాయగలదు. "మా కారం మీరు తినలేరేమో" అని మాత్రం అనకు.

జోలోఫ్ ఎవరిది రుచి అన్న పంచాయితీలో నైజీరియా, ఘనా మధ్య తలదూర్చకు. మనలో బిర్యానీ మీద ఎన్ని తగాదాలుంటాయో నీకు తెలియదా. అసలు "ఆఫ్రికా తిండి", "ఆఫ్రికా భాష" అనడం మానేయాలి. 54 దేశాలు. నిన్నెవరైనా "నువ్వు హిందీయా?" అని అడిగితే ఒళ్ళు మండుతుంది కదా. ఇక జమైకా, ట్రినిడాడ్ వాళ్ళు కరీబియన్లు, వాళ్ళ చరిత్ర వేరు, తిండి వేరు, పండగ వేరు.

పెకమ్ బజారు వీధి రై లేన్‌కి మాత్రం మొదటి వారంలోనే వెళ్ళు. బెండకాయలు, చామదుంపలు, కర్రపెండలం, మేకమాంసం, ఎండుచేపలు, అన్నీ అక్కడే. మా అత్తగారిది సామర్లకోట వైపు. సగ్గుబియ్యం మిల్లులు చూస్తూ పెరిగిన మనిషి, ఇక్కడికొచ్చినప్పుడు కర్రపెండలాన్ని అలాగే ఉడికించి తింటారంటే నమ్మలేదు. ఎండిన ఎర్రటి పూరేకుల్లాంటివి సంచుల్లో అమ్ముతారు, అల్లం వేసి కాచి జోబో అని తాగుతారు. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "ఇది గోంగూర కాయ తొడుగే కదే!" అంది. నిజమే, అదే మొక్క.

నాటింగ్ హిల్ కార్నివాల్ ఆగస్టు చివరి సోమవారం, దాని ముందు ఆదివారం. నువ్వు వచ్చేసరికి ఈ ఏడాదిది అయిపోయింది, వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకో. ఇది ఆఫ్రికన్ కాదు, కరీబియన్ పండగ. 1958లో ఆ పేటలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. దానికి జవాబుగా ట్రినిడాడ్‌లో పుట్టిన క్లాడియా జోన్స్ అనే పత్రికా సంపాదకురాలు 1959 జనవరిలో సెయింట్ పాంక్రస్ టౌన్ హాల్లో నాలుగు గోడల మధ్య కార్నివాల్ జరిపింది. బయట చలి మరి. వీధిలోకి వచ్చింది 1966లో. ఇప్పుడు రెండు రోజుల్లో పది లక్షలకి పైగా జనం. మొదటిసారైతే ఆదివారం వెళ్ళు, అది పిల్లాపాపల రోజు. లాడ్‌బ్రోక్ గ్రోవ్ స్టేషన్ మూసేస్తారు, కాస్త దూరంలో దిగి నడవాలి. ఇళ్ళకీ షాపులకీ చెక్కలు కొట్టేసి ఉంటాయి, చూసి కంగారుపడకు. బాత్రూం వాడుకోనిచ్చి డబ్బులు తీసుకునే ఇళ్ళుంటాయి, అందుకని చిల్లర ఉంచుకో. మధ్యాహ్నం మూడింటికి సంగీతమంతా ఒక్కసారి ఆగుతుంది. 2017లో పక్కనే గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి పోయిన 72 మంది కోసం 72 సెకన్ల మౌనం. ఆ సమయంలో నువ్వు వీడియో తీస్తూ మాట్లాడకు.

అదే లాడ్‌బ్రోక్ గ్రోవ్ మీద ఉత్తరం కొసదాకా నడిస్తే కెన్సల్ గ్రీన్ శ్మశానం వస్తుంది. సీపీ బ్రౌన్ సమాధి అందులోనే ఉంది. పండగ రోజు కాకుండా ఇంకో రోజు వెళ్ళు.

అక్టోబరు ఇక్కడ బ్లాక్ హిస్టరీ మంత్, 1987 నుంచి. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ఫిబ్రవరి అంటాడు, ఇద్దరూ కరెక్టే. లైబ్రరీల్లో, కాలేజీల్లో రోజూ ఏదో ఒకటి ఉంటుంది, చాలామటుకు ఉచితం. సోమర్సెట్ హౌస్‌లో 1-54 అని ఆఫ్రికా చిత్రకళా సంత కూడా అప్పుడే, 2013లో మొదలైంది. ఆ 54 ఏమిటో పైన చెప్పాను. టికెట్టు విద్యార్థి జేబుకి బరువు. సదర్క్‌లో ఆఫ్రికా సెంటర్ నయం. 1964లో కోవెంట్ గార్డెన్‌లో కెనెత్ కౌండా చేతుల మీదుగా తెరిచింది, 2022 నుంచి ఈ కొత్త చోట. బ్రిక్స్‌టన్‌లో బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్‌ని వదలకు.

వ్యాపార సభలకి కూడా పిలుస్తారు. సూట్లు, విజిటింగ్ కార్డులు, వాళ్ళ దేశం నుంచి వచ్చిన మంత్రిగారి ఉపన్యాసం, వెనక లేగోస్‌లోనో అక్రాలోనో ప్లాట్లు అమ్మే బల్లలు. మన తెలుగు సభల్లో శంషాబాద్ వెంచర్ల బ్రోషర్లు పంచడం చూసినవాడికి ఇందులో కొత్తేమీ లేదు. బ్రోషర్ తీసుకో, బ్యాంకు కార్డు జేబులోనే ఉంచు. "మీ ఊరి పచ్చళ్ళు తెచ్చి స్టాల్ పెట్టవచ్చు కదా" అని ఎవరో ఒకరు నిన్ను ఉబ్బిస్తారు. నీది స్టూడెంట్ వీసా. సొంత వ్యాపారం చెయ్యకూడదు, చిన్న స్టాలైనా సరే. టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి ఇరవై గంటల ఉద్యోగం, అంతే.

ఇంకో మాట వింటావు. పార్డ్‌నర్, సూసూ, అజో. పేర్లు వేరైనా మన చిట్టీలే. పదిమంది నెలనెలా వేసుకుని, ఒక్కొక్కరు ఒక్కో నెల ఎత్తుకోవడం. పాట ఉండదు, కసరు ఉండదు, వంతు వస్తే మొత్తం సొమ్ము. 1950ల్లో బ్యాంకులు నల్లవాళ్ళకి ఇంటి అప్పులివ్వని రోజుల్లో జమైకా నుంచి వచ్చినవాళ్ళు పార్డ్‌నర్ డబ్బుతోనే ఇళ్ళకి అడ్వాన్సులు కట్టారు. ఈ సంగతి వింటే నాకు ఎంత గౌరవమో, చేరడానికి అంత జంకు. అది నడిచేది ఇరవై ఏళ్ళ ముఖపరిచయం మీద. నువ్వు వచ్చి ఇరవై రోజులైంది. ఎగ్గొడితే కాగితం ఉండదు. మనవాళ్ళ వాట్సాప్ చిట్టీలకీ ఇదే మాట.

ఇక రాజకీయం. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సౌతాఫ్రికా హౌస్, అంటే ఆ దేశపు రాయబార కార్యాలయం ముందు 1986 నుంచి 1990 దాకా, మండేలా విడుదలయ్యే వరకూ, రాత్రీ పగలూ నిరసన ఆపలేదు. ఈ ఊళ్ళో నిరసన అంటే అంత ఓపిక. 2020 అక్టోబరులో నైజీరియా హైకమిషన్ ముందు తమ దేశపు పోలీసుల హింస మీద గుమిగూడిన కుర్రాళ్ళూ ఆ కోవలోవాళ్ళే. శాంతియుతంగా జరిగేదానికి నువ్వు వెళ్ళి నిలబడితే తప్పేమీ లేదు. కానీ సంగతి ఏమిటో తెలియకుండా ఎవరో చేతిలో పెట్టిన ప్లకార్డు పట్టుకోకు. తోపులాట మొదలైతే ఇంటికి వచ్చెయ్. అరెస్టయితే వీసాకి తలనొప్పి.

వీళ్ళ దగ్గర నేను నేర్చుకున్నవి రెండున్నాయి, ఏ కన్సల్టెన్సీవాడూ నీకు చెప్పడు. మొదటిది కాగితాలు. 1948 జూన్‌లో విండ్‌రష్ ఓడలో, ఆ తర్వాతి ఏళ్ళలో కరీబియన్ నుంచి హక్కుగా వచ్చినవాళ్ళని, అప్పుడు చిన్నపిల్లలుగా వచ్చినవాళ్ళని కూడా, అరవై డెబ్బై ఏళ్ళ వయసులో "నువ్విక్కడ ఉన్నట్టు రుజువేది" అని అడిగారు. ఉద్యోగాలు పోయాయి, కొందరిని దేశం దాటించారు. 2018లో అది పెద్ద గొడవైంది. వాళ్ళు వచ్చినప్పటి ల్యాండింగ్ కార్డుల్ని ప్రభుత్వమే 2010లో పారేసింది. మా కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ళింట్లో ఒక సూట్‌కేసు నిండా 1980ల నాటి పే స్లిప్పులు. ఎందుకని మొదట నవ్వాను. ఇప్పుడు నా మంచం కిందా అలాంటిది ఒకటుంది. పే స్లిప్పు, పీ60 అని ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి ఇచ్చే పన్ను కాగితం, కౌన్సిల్ టాక్స్ కాగితం, అద్దె ఒప్పందం, ఏదీ పారేయకు.

రెండోది ఓటు. మన దేశం కామన్వెల్త్‌లో ఉంది కాబట్టి, వీసా మీద ఇక్కడ ఉంటున్న భారతీయుడికి ఈ దేశపు ఎన్నికల్లో ఓటుంది. పార్లమెంటుకి కూడా. స్టూడెంట్‌వైనా సరే. నైజీరియావాళ్ళకి, ఘనావాళ్ళకి ఈ సంగతి వచ్చిన నెలలోనే తెలుస్తుంది, చర్చిలో చెప్తారు, హాల్లో చెప్తారు. నాకు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. 2024 మేలో మనవాళ్ళు ఓటెయ్యడానికి విమానం టికెట్లు కొనుక్కుని ఆంధ్రాకి వెళ్ళారు, మంచిదే. అదే నెలలో సౌతాఫ్రికావాళ్ళు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో లైన్లో నిలబడి తమ దేశానికి ఓటేశారు. మనకా సౌకర్యం లేదు, సరే. మన వీధిలోని ఓటైనా వేసుకోవద్దా? ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని. బూత్‌లో నీ ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే చాలు. పైగా ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకీ మంచిది. మనవాళ్ళకి ఆ చివరి మాట చెప్తేనే కదలిక వస్తుంది, ఏం చేస్తాం.

ఆ అబ్బాయి గది తీసుకున్నాడు. మొన్న మళ్ళీ ఫోన్. కింది ఫ్లాటావిడ మనవరాలికి పేరు పెడుతున్నారట, ఆదివారం రమ్మన్నారట.

"ఏం పట్టుకెళ్ళను అక్కా?"

"పులిహోర వచ్చా?"

"వచ్చు. కారం తగ్గించనా?"

"తగ్గిస్తే వాళ్ళు తినరు."