టేప్ లైబ్రరీలో రోబో ఫైల్‌ని వెతకదు

మీ ప్రశ్న చదవగానే నా మొదటి వారం గుర్తొచ్చింది. కొత్త ఉద్యోగంలో చేరారు, సర్వర్ రూమ్‌లో 24 స్లాట్ల టేప్ లైబ్రరీ (డేటా కాపీలు దాచే టేపుల్ని రోబోతో మార్చే పెట్టె) ఉంది, బ్యాకప్ ఇక మీరే చూసుకోవాలని అప్పగించేశారు. ఇన్ని టేపుల్లో మనకు కావాల్సిన ఫైల్ ఎక్కడుందో ఆ రోబో ఎలా కనుక్కుంటుందని అడిగారు. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రోబో ఏదీ కనుక్కోదు. ఫైల్ అంటే ఏమిటో దానికి తెలియదు. పుస్తకం పేరు చదవకుండా, చీటీ మీద రాసిన అర నంబరు చూసి పుస్తకం తెచ్చిచ్చే లైబ్రరీ అటెండరు లాంటిది అది. పైనుంచి వచ్చే ఆర్డరు కూడా అలాగే ఉంటుంది: "5వ స్లాట్‌లో ఉన్నది తీసి 1వ డ్రైవ్‌లో పెట్టు." ఏ టేపులో ఏముందనే జ్ఞానమంతా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దగ్గరుండే కేటలాగ్‌లో ఉంటుంది. ఈ తేడా మనసుకు పట్టిందంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మీ దగ్గరున్నలాంటి చిన్న లైబ్రరీల్లో సాధారణంగా ఎడమ పక్క ఒక మ్యాగజైన్ (టేపులు పెట్టే అరల ట్రే), కుడి పక్క ఒకటి, ఒక్కోదానిలో 12 స్లాట్లు. నడుమ పట్టాల మీద ముందుకూ వెనక్కూ తిరిగే పిక్కర్, అంటే టేపుల్ని పట్టుకునే రోబో చెయ్యి. వెనకవైపు టేపుని చదివి, రాసే డ్రైవులు. ఒక స్లాట్‌ని మెయిల్ స్లాట్‌గా పెట్టుకుంటే మ్యాగజైన్ మొత్తం బయటికి లాగకుండా టేపు లోపలికి పెట్టొచ్చు, బయటికి తీయొచ్చు. పవర్ ఆన్ చేశాక పిక్కర్ ప్రతి స్లాట్ ముందూ ఆగి బార్‌కోడ్ చదువుతుంది. దాన్నే ఇన్వెంటరీ అంటాం. ఎల్‌టీఓ (ఇప్పుడు ఎక్కువగా వాడే బ్యాకప్ టేపు రకం) టేపు లేబుల్ మీద ఆరు అక్షరాల నంబరు, చివర ఎల్6, ఎల్8 అని ఏ తరం టేపో చెప్పే గుర్తు ఉంటాయి. మీది లినక్స్ సర్వర్ అయితే ఎంటీఎక్స్ స్టేటస్ (mtx status) కమాండ్ కొట్టి చూడండి. ఏ స్లాట్‌లో ఏ బార్‌కోడ్ ఉంది, డ్రైవ్ ఖాళీగా ఉందా అన్నది వరసగా కనిపిస్తుంది. రోబోకి తెలిసిన లోకమంతా ఆ ఒక్క తెరలో ఉంటుంది.

డ్రైవ్‌లోకి టేపు వెళ్లాక జరిగేది నాకు చాలా ఇష్టమైన భాగం. పాత పాటల క్యాసెట్లో రెండు చక్రాలుండేవి కదా, ఇందులో ఒక్కటే. టేపు కొసన లీడర్ పిన్ అని చిన్న లోహపు పుల్ల ఉంటుంది. డ్రైవ్ దాన్ని పట్టుకుని టేపుని బయటికి లాగి తన దగ్గరున్న రెండో చక్రానికి చుట్టుకుంటుంది. అందుకే కింద పడ్డ టేపుని ఎప్పుడూ డ్రైవ్‌లో పెట్టకండి. ఆ పిన్ పక్కకు జరిగి ఉంటే టేపు ఇరుక్కుపోతుంది, టేపుతో పాటు డ్రైవ్ కూడా రిపేరుకి వెళ్తుంది. డ్రైవ్ టేపుని మొదటికంటా వెనక్కి చుట్టి బయటికి తోస్తేనే పిక్కర్ తీసుకోగలదు. టేపు మారడానికి ఇంతసేపా అనిపించినప్పుడు చాలాసార్లు అసలు కారణం ఈ చుట్టడమే.

ఎల్‌టీఓ-8 టేపు పొడవు 960 మీటర్లు, వెడల్పు అర అంగుళం, మందం వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. డ్రైవ్‌లో చదివే, రాసే భాగమైన హెడ్ ఒకేసారి 32 ట్రాకులు రాస్తూ ఆ చివరికి వెళ్తుంది, కాస్త పక్కకు జరిగి ఇంకో 32 రాస్తూ ఈ చివరికి వస్తుంది. పొలంలో నాగలి సాళ్లు వేసినట్టు అటూ ఇటూ తిరుగుతూ 208 సార్లు వెళ్తే 6,656 ట్రాకులు నిండుతాయి. లెక్కేస్తే దాదాపు 200 కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ రోడ్డు మీద కోదాడ దాటినంత. రాసిన డేటాని వెంటనే వెనకున్న హెడ్ చదివి చూస్తుంది, తప్పు పడితే ముందుకెళ్లి మళ్లీ రాస్తుంది. మన ప్రమేయం లేకుండానే ఇదంతా జరుగుతుంది. టేపు మీద నాకున్న నమ్మకంలో సగం దీనివల్లే.

చిన్న లైబ్రరీల్లో వాడే హాఫ్-హైట్ (సగం ఎత్తున్న) ఎల్‌టీఓ-8 డ్రైవ్ సెకనుకు 300 ఎంబీ రాస్తుంది. ఆ లెక్కన 12 టీబీ టేపు నిండడానికి 11 గంటలు పడుతుంది. డబ్బా మీద 30 టీబీ అని వేసేది డేటా 2.5 రెట్లు కంప్రెషన్ అవుతుందన్న (కుదించుకుంటుందన్న) అంచనాతో. మీ డేటాలో వీడియోలు, జిప్ ఫైళ్లు, స్కాన్ చేసిన ఫొటోలు ఎక్కువైతే ఆ అంకె మర్చిపోయి 12 మీదే లెక్క వేసుకోండి. ఇంకొకటి, సర్వర్ అంత వేగంగా డేటా అందించలేకపోతే డ్రైవ్ కొంతవరకు నెమ్మదిస్తుంది. అంతకంటే తగ్గితే ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ పరుగు అందుకుంటుంది. రాత్రంతా ఇలా జరిగితే బ్యాకప్ తెల్లారినా అవదు, టేపూ హెడ్డూ అరిగిపోతాయి. చాలా చిన్న ఫైళ్లున్న సర్వర్‌ని నేరుగా టేపుకి పంపకుండా ముందు డిస్క్ మీదికి తీసి, అక్కణ్నుంచి టేపుకి రాయండి.

ఇప్పుడు నాకు ఎదురైంది చెప్తాను. ఇంతకుముందు పనిచేసిన చోట ఎల్‌టీఓ-6 లైబ్రరీ, రెండు డ్రైవులు, బయట వాల్ట్‌లో (టేపుల్ని భద్రంగా దాచే వేరే చోట) ఉన్నవాటితో కలిపి 38 టేపులు. ఒక గురువారం రాత్రి బ్యాకప్ సర్వర్‌లో డిస్కులు పోయాయి. కేటలాగ్ ఆ డిస్కుల్లోనే ఉంది. దానికి ఇంకో కాపీ లేదు. మర్నాడు పొద్దున్నే అకౌంట్స్ వాళ్లు గత క్వార్టర్ ఫోల్డర్ ఒకటి పోయిందని ఫోన్ చేశారు.

లైబ్రరీ ముందు నిలబడి చూస్తే అన్నీ పచ్చ లైట్లే. పిక్కర్ తిరుగుతోంది, ఇన్వెంటరీ తప్పు లేకుండా వస్తోంది, ప్రతి బార్‌కోడూ తెర మీద కనిపిస్తోంది. ఏ టేపులో ఏముందో మాత్రం చెప్పేవాళ్లే లేరు. కొత్త సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ వేసి, ఒక్కో టేపుని మొదట్నుంచి చివరికంటా చదివించి కేటలాగ్ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. నిండిన ఎల్‌టీఓ-6 టేపు ఒక్కటి చదవడానికే నాలుగు గంటల పైన. రెండు డ్రైవులూ ఆగకుండా తిరిగినా మూడున్నర రోజులు పట్టింది. ఆ ఫోల్డర్ 29వ టేపులో దొరికింది. ఆ మూడు రాత్రుల టెన్షన్ నాకింకా గుర్తుంది. తలుపు మీద చెయ్యి వేసి పిక్కర్ చప్పుడు వింటూ, ఈ టేపులోనైనా ఉంటే బాగుండునని ఎదురుచూశాను.

అప్పట్నుంచీ ఎక్కడ పనిచేసినా మొదటి వారంలోనే ఒక పని చేస్తున్నాను. రోజూ అన్ని బ్యాకప్‌లూ అయ్యాక చివరగా కేటలాగ్ బ్యాకప్, అదీ వేరే టేపు మీద. ఆ టేపు నంబరు రిజిస్టర్లో రాస్తాం, ఇద్దరి ఫోన్లకు మెసేజ్ వెళ్తుంది. నంబరు కూడా కేటలాగ్‌లోనే ఉంటే అవసరమైన రోజు ఎలా తెలుస్తుంది? టేపులు ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే, అంటే డేటాని రహస్య కోడ్‌గా మార్చి రాస్తుంటే, దాన్ని విప్పే డిజిటల్ తాళంచెవి కాపీ కూడా ఆ సర్వర్‌కి దూరంగా ఉండాలి. అది పోతే టేపుని చదివించే దారే లేదు.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకని మిమ్మల్ని అడిగేవాళ్లుంటారు. స్లాట్‌లో కూర్చున్న టేపుని డ్రైవ్‌లోకి తెస్తే తప్ప ఎవరూ చదవలేరు, చెరపలేరు. వాల్ట్‌కి పంపేసిన టేపుని రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) అసలు తాకలేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల జీమెయిల్‌లో 0.02 శాతం మంది మెయిళ్లు మాయమయ్యాయి. డిస్కుల మీద వేర్వేరు చోట్ల ఉన్న కాపీలు కూడా దెబ్బతిన్నాయి. చివరికి గూగుల్ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది.

మీ రోజువారీ పనిలో ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. ఎండాకాలంలో వాల్ట్ నుంచి వ్యాన్‌లో వచ్చిన టేపుల్ని వెంటనే ఏసీ గదిలో డ్రైవ్ ఎక్కించకండి, ఒక రోజు ఆ గదిలోనే ఉంచండి. క్లీనింగ్ టేపు దాదాపు 50 సార్లకు వస్తుంది, డ్రైవ్ అడిగినప్పుడే వాడండి. ఊరికే వారం వారం తోమితే హెడ్ అరుగుతుంది. సొంతంగా ప్రింట్ చేసిన కాగితం లేబుళ్లు అంటించకండి, అంచు లేచి ఇరుక్కుంటాయి. చేత్తో టేపులు అటూ ఇటూ మారిస్తే సాఫ్ట్‌వేర్‌లో ఇన్వెంటరీ కొట్టడం మర్చిపోకండి. కొత్త డ్రైవ్ కొనే మాట వస్తే పాత టేపుల తరం చూడండి. ఎల్‌టీఓ-7 వరకు డ్రైవులు రెండు తరాల వెనకటి టేపులు కూడా చదివేవి, ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-6 టేపుని చదవదు. ఈ ఒక్కటి చూసుకోక పాత డ్రైవుల కోసం ఊరంతా తిరిగినవాళ్లు నాకు తెలుసు.

రేపు ఆఫీసుకి వెళ్లగానే కేటలాగ్ బ్యాకప్ ఎక్కడికి వెళ్తోందో చూడండి. తర్వాత ఆరు నెలల కిందటి టేపు ఒకటి తీసి, అందులోంచి ఒక్క ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేయండి. అది తెరుచుకుందో లేదో, మీ డ్రైవ్ ఏ తరానిదో, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏదో ఇక్కడే రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఏ మెనూలోకి వెళ్లాలో చెప్తాను.