ఇంగ్లీషులో ‘ఓకే’, తెలుగులో గుబులు

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. అన్న మగ్గాలు చూసుకుంటే నేను అమ్మకాలు చూస్తా. మొన్న వీడియో కాల్‌లో విదేశీ కొనుగోలుదారుతో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఇరవై రోజుల్లో జంపఖానాలు పంపుతామని, ధర కూడా తగ్గిస్తామని టకటకా ఒప్పుకున్నా. తర్వాత అదే సంగతి అన్నకు తెలుగులో చెప్తుంటే గుండె దడదడలాడింది. పక్కనే ఉన్న అన్న కాల్‌లో నోరు విప్పలేదు. లోపం నా ఇంగ్లీషులోనా, తెలివిలోనా?
– ఒక పాఠకుడు

జవాబు: తెలివిలో ఏ లోపమూ లేదు. ‘నష్టం’ అని వింటే ఇంట్లో అప్పుల మాటలు, అమ్మ ముఖం గుర్తొస్తాయి, ‘లాస్’ అంటే మాత్రం లెక్కల పుస్తకంలో అంకెలాగే ఉంటుంది. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో దీన్ని నాణెం పందెంతో పరీక్షించారు. ఓడితే ఒక డాలర్ పోతుంది, గెలిస్తే ఒకటిన్నర అదనంగా వస్తుంది. సొంత భాష ఇంగ్లీషులో ఆడినవాళ్లు 54 శాతం పందేలకు ఒప్పుకుంటే, నేర్చుకున్న స్పానిష్‌లో ఆడినవాళ్లు 71 శాతానికి ఒప్పుకున్నారు. లెక్క ప్రకారం అది లాభమున్న పందెమే, కాబట్టి భయం తగ్గడం అక్కడ మేలే చేసింది.

మీ ఇరవై రోజుల గడువు అలాంటిది కాదు. ముసురు పట్టినప్పుడు రంగు వేసిన నూలు ఆరడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఏ మగ్గం మీద పడుగు ఎప్పుడు అయిపోతుందో మీ అన్నకు తెలుసు, అది తెలియకుండా ఇచ్చిన మాటను ధైర్యం అనలేం. పైగా ఇంగ్లీషు మాట వెతుక్కోవడంలోనే మనసంతా ఉంటే ‘ఒక్క నిమిషం ఆగండి’ అనడానికి కూడా మొహమాటమేస్తుంది, ‘ఓకే’ అనేస్తే గండం గడుస్తుందనిపిస్తుంది. నాకు ఎక్కువ బాధనిపించింది మీ అన్న మౌనం. అంచును బొటనవేలితో తడిమి నేత ఎక్కడ వదులైందో చెప్పగల మనిషి, భాష రాదని తన సరుకు బేరంలోనే పరాయివాడిలా కూర్చున్నాడు.

ఈసారి బేరం ఇంగ్లీషులోనే చేయండి, కానీ గడువు మాట రాగానే ఫోన్ మ్యూట్‌లో పెట్టి ‘అన్నా, ఎన్ని రోజులు?’ అని తెలుగులో అడగండి. అవతలివాళ్లు రెండు నిమిషాలు ఆగుతారు. ఖరారు మాత్రం ‘రేపు మెయిల్ చేస్తాం’ అని వాయిదా వేసి, ఆ రాత్రి నూలు ఖర్చు, కూలి, రోజులు అన్నీ అన్న ముందు తెలుగులో చదవండి. ఇప్పుడు ఒప్పుకున్న ఆర్డర్‌కైతే నూలు కొనకముందే, ఇవాళే రాయండి: సగం సరుకు ఇరవై రోజుల్లో, మిగతాది అన్న చెప్పిన తేదీకి.