రిపోర్టు దేశం దాటినా అర్థం మారకూడదంటే...

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి. కొన్ని నెలలు వేరే దేశంలో అన్నయ్య దగ్గర ఉండబోతున్నారు. రికార్డులన్నీ పీడీఎఫ్‌లుగా ఫోన్లో ఉన్నాయి. అక్కడి డాక్టరుకు అవి చాలవా?

జవాబు: చదువుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే. అక్కడి ఆస్పత్రి కంప్యూటరు ఆ పీడీఎఫ్‌లోంచి పాత మందులు విడిగా తీసుకుని, కొత్తగా రాసే మందు వాటితో పడుతుందో లేదో చెప్పలేదు. పైగా అంత పెద్ద ఫైలు మొత్తం తిరగేసే తీరిక ఏ డాక్టరుకూ ఉండదు.

ఇందుకోసమే ‘ఇంటర్నేషనల్ పేషెంట్ సమ్మరీ’ అనే నమూనా వచ్చింది. 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి 27269 నంబరు ప్రమాణంగా వెలువడింది. కంప్యూటర్ల మధ్య దీన్ని పంపడానికి ఎక్కువగా హెచ్ఎల్7 సంస్థవారి ‘ఫైర్’ ప్రమాణం వాడతారు. ఇందులో తప్పనిసరి భాగాలు మూడే: జబ్బులు, అలర్జీలు, వాడుతున్న మందులు. టీకాలు, ఆపరేషన్లు, పరీక్ష ఫలితాలు, ఒంట్లో అమర్చిన పరికరాలు కూడా చేర్చమంటారు. మీ ఆస్పత్రి ఇది ఇవ్వలేకపోతే, ఇదే వరసలో ఒక పేజీ డాక్టరుగారితో రాయించి సంతకం, తేదీ వేయించండి.

రాయించేటప్పుడు నాలుగు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది మందుల పేర్లు. బ్రాండ్ పేరు అక్కడ దొరకదు, లేదా అదే పేరుతో వేరే మందు ఉండొచ్చు. జనరిక్ పేరు, మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఉండాలి. కాంబినేషన్ బిళ్ల అయితే రెండు మందులూ విడివిడిగా రాయించండి. లేకపోతే లోపల మెట్‌ఫార్మిన్ ఉందని తెలియక అక్కడ మళ్లీ మెట్‌ఫార్మిన్ ఇస్తారు.

రెండోది యూనిట్లు. ‘షుగరు 7’ అని ఉందనుకోండి. అది హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 7 శాతమా, లీటరుకు 7 మిల్లీమోల్ గ్లూకోజా? రెండూ నమ్మదగ్గ అంకెలే, అదే ప్రమాదం. రెండోదైతే డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు. పరీక్ష పేరు, యూనిట్, పరగడుపునా కాదా అన్నది పక్కనే ఉండాలి.

అలర్జీల గడి ఖాళీగా వదలొద్దు. ఖాళీ అంటే అలర్జీ లేదనా, ఎవరూ అడగలేదనా? అడిగి లేదని తేలితే ‘తెలిసిన అలర్జీలు లేవు’ అని రాయాలి. ఇక తేదీలు: 04/05 అంటే కొన్ని దేశాల్లో మే నెల, మరికొన్నిటిలో ఏప్రిల్. నెల పేరు అక్షరాల్లోనే రాయించండి.

ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రంలో టీబీకి ఒక యాప్, టీకాలకు ఒకటి, గర్భిణులకు ఇంకొకటి. ఒకే మనిషి పేరు మూడుచోట్ల కొడుతున్నాం. సమీకృత సేవలంటే ఇదేనా?

జవాబు: కాదు, దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2016లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రజాకేంద్రిత సమీకృత సేవల విధానం జబ్బు చుట్టూ కాకుండా మనిషి చుట్టూ సేవలు అల్లమంటుంది. డబ్బు మాత్రం జబ్బుల వారీగా వస్తుంది, ఏ నిధి వెంట ఆ యాప్ వస్తుంది. టీబీ మందులు వాడే మహిళ గర్భిణి అయినా టీబీ యాప్‌కు ఆ సంగతి తెలియదు. అన్నిటినీ తీసేసి ఒకే మహా యాప్ తెస్తామనేవాళ్లను నమ్మకండి. అది పూర్తయ్యేలోపు నాలుగోది దిగుతుంది. యాప్‌లను ఉండనిచ్చి, అడుగున ఉమ్మడి పేషెంట్ల పట్టిక, ఆరోగ్య కేంద్రాల పట్టిక, జబ్బుల కోడ్‌లు పెట్టడం నిలిచే దారి. వేర్వేరు ఆరోగ్య యాప్‌లను కలపడానికి తయారైన ఓపెన్‌హెచ్‌ఐఈ నమూనా చెప్పేదీ ఇదే.

ముందు పేషెంట్ల పట్టికే చెయ్యండి. కష్టమంతా అక్కడే ఉంది. ఫోన్ నంబరుతో మనిషిని గుర్తిస్తే ఇంటిల్లిపాదీ ఒక్కరైపోతారు. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ జనవరి 1 కొట్టేస్తారు కాబట్టి ఆ తేదీ కలిసినంత మాత్రాన ఒకే మనిషని లెక్కవేయకూడదు. పేరు, తల్లి పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం కలిపి, రెండు రికార్డులు ఎంతవరకు కలుస్తున్నాయో కంప్యూటరుతో మార్కులు వేయించండి. అనుమానంగా ఉన్నవి మనిషి చూశాకే కలపాలి. ఒకరికి రెండు రికార్డులుంటే చికాకు. ఇద్దరివి ఒకటైతే ఒకరి పెనిసిలిన్ అలర్జీ ఇంకొకరి పేర చేరుతుంది. కలిపినదాన్ని మళ్లీ విడదీసే వీలుందో లేదో ముందే అడగండి. కాగితం రిజిస్టరు ఏ తేదీన ఆపేస్తారో కూడా అప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. అది లేకపోతే ఎంట్రీ ఎప్పటికీ రెండుసార్లే.

ప్రశ్న: దేశాల మధ్య హెల్త్ సర్టిఫికెట్ తనిఖీ అంటే నా వివరాలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వర్లోకి వెళ్తాయా?

జవాబు: వెళ్లవు. 2023లో మొదలైన ఆ సంస్థ డిజిటల్ హెల్త్ సర్టిఫికేషన్ నెట్‌వర్క్‌లో దేశాలు ఇచ్చిపుచ్చుకునేవి సర్టిఫికెట్ల మీది డిజిటల్ సంతకాలు సరిచూసే ‘పబ్లిక్ కీ’లు మాత్రమే. క్యూఆర్‌లో ఉన్న మీ వివరాలు మీ దగ్గరా, మీరు చూపించినవాళ్ల దగ్గరా ఉంటాయి. సంతకం సరిపోతే ఎవరిచ్చారో, మధ్యలో ఎవరూ మార్చలేదని తెలుస్తుంది. లోపలి మోతాదు సరైనదేనని ఆ సంతకం చెప్పదు. దాన్ని డాక్టరే చూడాలి.