పువ్వుని తిరగేసి చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. డాండిలయన్ అనే పసుపుపూల కలుపుమొక్క కాడ తుంచితే కారిన పాలు ఆరి, వేలి మీద గోధుమరంగు మచ్చ పడిందని రాశావు, అది బాగుంది. తర్వాతి పేజీకే నాకు ఒళ్ళు మండింది. డాండిలయన్‌లో మామూలుదీ, ఎర్రగింజలదీ అని రెండు జాతులుంటే, ‘ఈ రెండు జాతులూ చూడ్డానికి ఒకటే, తేడా పండితులకే తెలుస్తుంది’ అని చేతులు దులుపుకుని వలస బతుకుల మీదికి వెళ్ళిపోయావు. చూడాల్సిన చోట కళ్ళు మూసుకుంటే ఎట్టా?

పువ్వుని తిరగేసి చూడు. మామూలు డాండిలయన్‌కి అడుగున బయటి వరస ఆకుపచ్చ రేకులు కాడవైపు వంగిపోయి ఉంటాయి. ఎర్రగింజల జాతిలో అవి పొట్టివి, అంతగా వంగవు. లోపలి వరస కొనల్లో చిన్న కొమ్ములాంటి బుడిపెలుంటాయి. దీని ఆకు చీలికలు దాదాపు ఈనె దాకా పోతాయి. తెల్లకుచ్చు ఊది సంబరపడ్డావు గానీ, దాని కింద వేలాడే గింజ రంగు చూశావా? ఒకదానిది మట్టిగోధుమ, రెండోదానిది ఇటుక ఎరుపు. రెండూ యూరప్ నుంచి అమెరికా చేరినవే. చాలామటుకు పుప్పొడితో పని లేకుండానే గింజ కడతాయి, పిల్ల మొక్క తల్లికి నకలే. ఇంత చిన్న తేడా చెక్కుచెదరకుండా తరాలు దాటేది అందుకే. నీ వలస మాట అక్కణ్ణించి మొదలవ్వాలి.

మన ప్రకాశం జిల్లాలో పొగాకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, దాని మీద నేనో కథ రాశాను. ఆకు పసుపు తిరగక ముందే మంట పెంచితే పచ్చరంగు అట్టాగే బిగుసుకుపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకున్న మనిషి కథంతా ఆ వాక్యంలోనే ఉంది. సంపాదకుడు దాన్ని కొట్టేసి, ఓ సూర్యాస్తమయం అతికించాడు. పాఠకుడికి వివరాలు బరువట! ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. పొగాకు పండించే ఊళ్ళో పాఠకుడికి ఆకు రంగు బరువా?

ఇంకోటి. కావలి కాలవగట్టు మీద డాండిలయన్లు చూశానన్నావు. అది గడ్డి చామంతి. బళ్ళో పిల్లలు దెబ్బ తగిలితే పసరు పిండుకునేది. కాడ నూగునూగుగా ఉంటుంది, డాండిలయన్ కాడలా నున్నగా, గొట్టంలా ఉండదు. నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు పాలిపోయిన రేకులు, ఒక్కో రేకు కొసకి మూడు పళ్ళు. డాండిలయన్ రేకుకి అయిదు. ఇదీ వలసొచ్చిందే, అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి మన గట్లకి. ఎదురెదురుగా వచ్చిన ఈ రెండు ప్రయాణాలు నీ చేతిలో ఉండగా, ‘ప్రవాసపు గాలి’ అని నాలుగుసార్లు ఎందుకు రాశావు?

ఆ నాలుగూ కొట్టెయ్. రెండు జాతుల గింజలూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టుకుని, కనబడినంత వరకే రాసి, ఈ నెలలోనే పంపు.