కారు ఫ్లోర్‌కి అతుక్కున్న తారు షీట్లు, జిగురు ఎలా తీయాలి?

విశాఖలో పాత కారు, కార్పెట్ ఎత్తితే చప్పుడు తగ్గడానికి ఫ్లోర్‌కి అంటించే తారు షీట్ల కింద తుప్పు, జిగురు పెట్రోల్‌తో తుడవొచ్చా అని అడిగారు. పెట్రోల్ మాత్రం వద్దండీ. దాని ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోకుండా ఫ్లోర్‌లోనే నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

మా మారుతి 800కి ఈ పని నేనే చేశాను. మాది ఎంవీపీ కాలనీ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కారు ముందువైపు అద్దం పగిలితే కొత్తది వేయించాం. దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పక్కనుంచి వాన నీళ్లు కార్పెట్ కిందికి దిగుతున్నాయని చాలాకాలం తెలియలేదు. మీరూ ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసుకోండి.

నేను మే నెలలో హీట్ గన్‌తో (వేడిగాలి ఊదే పరికరం) మొదలుపెట్టాను. ఎండకే మెత్తబడి ఉన్న తారు ఇంకాస్త వేడి తగలగానే పాకంలా సాగింది. ఒక్క షీట్‌కే పూటంతా పట్టింది. తర్వాత డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, తెచ్చాను. దాని చల్లదనం మైనస్ 78 డిగ్రీలు. ముక్కలు చేసి షీట్ మీద పరిచి, పావుగంట ఆగి, చిన్న సుత్తితో తడితే పెంకులా పగిలిపోయింది. మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. తెచ్చేటప్పుడు కిటికీలు దించండి, పని చేసేటప్పుడు తలుపులన్నీ తెరవండి. డ్రై ఐస్ కరిగితే కార్బన్ డయాక్సైడ్ వాయువే అవుతుంది, మూసిన కారులో ఊపిరి అందదు.

ఏటవాలుగా ఉన్నచోట ఐస్ నిలవదు. అక్కడ హీట్ గన్‌తో కొద్దిగా వేడిచేసి, పుట్టీ బ్లేడు వాలుగా పెట్టి తోయాలి. మిగిలిన జిగురుకి పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ సరిపోతుంది. గుడ్డ తడిపి కొన్ని నిమిషాలు మరక మీద వేసి ఉంచితే రుద్దే పని తగ్గుతుంది. హీట్ గన్ పని పూర్తిగా అయ్యాకే సీసా మూత తీయండి.

అన్నిటికంటే ముఖ్యం, రేకును రాత్రికి ఖాళీగా వదలకండి. మన ఉప్పుగాలి సంగతి తెలిసీ నేను ఒక రాత్రి వదిలేశాను. తెల్లారేసరికి శుభ్రం చేసినచోటే ఎర్రటి పొర. అప్పటినుంచి ఒక్కో వైపే తీసి, తుప్పు గీకి, అదే రోజు ప్రైమర్ వేశాను. గట్టిగా పట్టుకుని ఉన్న షీట్లను కదపలేదు, వాటి అడుగున రేకు సాధారణంగా బాగానే ఉంటుంది.

స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు దిగిపోతుందా, అక్కడ ఆపి టింకరింగ్ మేస్త్రీకి చూపించండి. వెల్డింగ్ పెట్టేముందు ఆ చుట్టుపక్కల తారు, టర్పెంటైన్ మరక ఏమీ లేకుండా తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే అంటుకుంటుంది.